కీళ్లవాతం మందు మానేస్తే కిడ్నీకి మేలా?

సంపాదకులకు నమస్కారం.

కీళ్లవాతం ఉన్నవాళ్లు కిడ్నీలకు భయపడి ముందుగా మానేసేది కీళ్ల వాపును అణచే మెథోట్రెక్సేట్ అనే మందు. నొప్పి ఊరుకోదు కాబట్టి, చీటీ లేకుండానే మెడికల్ షాపులో అసిక్లోఫెనాకో డైక్లోఫెనాకో కొంటారు. పెనం మీంచి పొయ్యిలో పడటమే ఇది.

కిడ్నీకి రక్తం అందించే సన్నని నాళాలను తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. నొప్పి బిళ్లలు వాటినే అడ్డుకుంటాయి. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర, దానికి తోడు నీరు పోయే మాత్ర కూడా వాడేవాళ్లకి హైదరాబాద్ మే ఎండల్లో రెండు రోజులు విరేచనాలైతే చాలు, రక్తంలో క్రియాటినిన్ (కండల నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీ వడపోత తగ్గితే పెరుగుతుంది) ఒక్కసారిగా పెరగొచ్చు. ఎటోరికాక్సిబ్ అనే మరో నొప్పి బిళ్ల కడుపుకి కాస్త నయమే గానీ కిడ్నీకి కాదు.

ఇంకో ముప్పు చడీచప్పుడు లేకుండా వస్తుంది. కీళ్లలో వాపు ఏళ్ల తరబడి చల్లారకపోతే లివర్ సీరమ్ అమిలాయిడ్-ఏ అనే ప్రోటీన్‌ను అదేపనిగా తయారుచేస్తుంది. కొందరిలో దాని ముక్కలు పోగులుగా మారి కిడ్నీ జల్లెడలో పేరుకుంటాయి. మూత్రంలో నురగ, పొద్దున్నే కళ్ల చుట్టూ ఉబ్బు, సాయంత్రానికి పాదాల వాపు కనిపిస్తాయి. బయాప్సీ ముక్కకి కాంగో రెడ్ రంగు పట్టించి పోలరైజ్డ్ కాంతిలో చూస్తే ఆకుపచ్చగా మెరుస్తుంది. దీనికి అసలు చికిత్స వాపును అణచడమే. అంటే వాతం మందులే, అవసరమైతే ఇంజెక్షన్లు.

క్రియాటినిన్ ఒక్కటే చూసుకుని ధీమాగా ఉండకూడదు. ఏళ్ల జబ్బుతో కండ కరిగిన మనిషిలో అది 0.9 ఉన్నా కిడ్నీ బాగున్నట్టు కాదు. సీయూఈ అనే మామూలు మూత్ర పరీక్షలో కొద్దిపాటి అల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి కారే ప్రోటీన్) పట్టుబడకపోవచ్చు. అడగాల్సింది అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, అంటే ఏసీఆర్. ఉదయం మొదటి మూత్రం, మొదటి ధార వదిలేసి పట్టాలి. జ్వరం, నెలసరి రోజుల్లో వద్దు. ఏసీఆర్ 30 (మి.గ్రా./గ్రా.) దాటితే మూడు నెలల్లోగా మళ్లీ చేయించాలి. 300 దాటితే ఆగకుండా నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) దగ్గరికి వెళ్లాలి.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అది చాలావరకు కిడ్నీ ద్వారానే బయటికి పోతుంది గనక ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత వేగం అంచనా) తగ్గుతుంటే డోసు తగ్గించాలి, 30 లోపు అయితే సాధారణంగా ఆపేస్తారు. ఆ నిర్ణయం డాక్టరుది, పక్కింటివాళ్లది కాదు. వాంతులు, విరేచనాల వారంలో డోసు వేసుకునే ముందు డాక్టరుకి ఫోన్ చేయండి.

రుమటాలజీ (కీళ్లవాతం) ఓపీల్లో వాపును కొలిచే సీఆర్పీ రక్తపరీక్ష రాయని చీటీ అరుదు. అదే చీటీ మీద ఏసీఆర్ కూడా రాయమని రోగులే అడగాలి.

— ఒక నెఫ్రాలజిస్టు, హైదరాబాద్