వయోజనులకు పాఠం మొదలుపెట్టే ముందు వాళ్లకేం కావాలో అడగండి

సంపాదకులకు నమస్కారం.

ఉల్లాస్ పథకం కింద ఊరూరా మళ్లీ వయోజన విద్యా కేంద్రాలు నడుస్తున్నాయి. పదిహేనేళ్లు దాటి చదవడం, రాయడం రాని వాళ్లకు చదువు చెప్పడానికి 2022లో మొదలైన ఈ పథకం 2027 వరకు ఉంటుంది. కనిగిరి ప్రాంతంలో ఒక పల్లెలో సాయంత్రం పూట స్వచ్ఛందంగా పాఠం చెబుతున్నాను. ఈ పని మీద నాకు చాలా నమ్మకం ఉంది. అందుకే ఇందులో ఉన్న ఒక పెద్ద లోటు గురించి రాస్తున్నాను.

కేంద్రానికి వచ్చిన మనిషి పేరు, వయసు, ఫోన్ నంబరు రాసుకుంటాం. ఆమె ఎందుకు చదువుకోవాలనుకుంటోందో మాత్రం రాసుకోం. అందరికీ ఒకటే వాచకం, ఒకటే వరుస. కొన్ని వారాలు గడిచేసరికి మనుషులు తగ్గిపోతారు. అప్పుడు వాళ్లకు శ్రద్ధ లేదంటారు. పగలంతా కూలి చేసి, ఇంటికొచ్చి వంట చేసి, రాత్రి ఏడున్నరకు పలక పట్టుకుని వచ్చిన మనిషికి శ్రద్ధ లేదంటే నేను ఒప్పుకోను. తనకు కావలసిన సంగతి ఈ పుస్తకంలో ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో ఆమెకు తెలియదు. ఆమె ఇంట్లోనే ఆగిపోవడానికి అదే కారణం.

"ఏం నేర్చుకోవాలని ఉంది?" అని అడిగితే దాదాపు అందరూ "సంతకం వస్తే చాలు" అంటారు. బ్యాంకులో నలుగురి ముందు వేలికి ఇంకు పూయించుకున్న నామోషీ వాళ్లతో ఆ మాట అనిపిస్తుంది. ఆ కోరిక తీర్చాల్సిందే, కానీ అక్కడితో ఆపడం ప్రమాదం. వేలిముద్ర వేసే మనిషికి కాగితంలో ఏముందో చదివి వినిపించే రివాజు ఉంది. సంతకం పెట్టిన మనిషికి ఎవరూ వినిపించరు, చదివే పెట్టిందనుకుంటారు. సంఘం తీర్మానాల పుస్తకంలో, అప్పు కాగితాల మీద సంతకం పెట్టి, పైన ఏం రాశారో తెలియని ఆడవాళ్లు మన పల్లెల్లో ఎంతమందో ఉన్నారు.

అందుకని ప్రశ్న మార్చి అడగాలి. "అక్కా, ఈ వారంలో ఎవరిచేత ఏం చదివించుకున్నావు?" అంటే అసలు సంగతులు బయటికొస్తాయి. ఒకామెకు మనవడి స్కూలు డైరీ, ఇంకొకామెకు మందుల చీటీలో పొద్దున వేసుకునేది ఏదో రాత్రి వేసుకునేది ఏదో. ఒక పెద్దాయన పట్టాదారు పాస్‌పుస్తకంలో తన సర్వే నంబరు, విస్తీర్ణం తనే చూసుకోవాలన్నాడు. చర్చిలో పాటల పుస్తకం తెరిచి అందరితో పాటు పాడాలని ఒకామె కోరిక. బెంగళూరు పనికి పోయిన కొడుకు ఫోన్‌లో పెట్టే మెసేజ్ పక్కింటి పిల్లాడి చేత చదివించుకోవడం ఇష్టం లేదని ఒక తల్లి చెప్పింది. ఇంటి సంగతులు బయటివాళ్లకు తెలుస్తాయని ఆమె టెన్షన్. పొగాకు రైతుకైతే వేలం కేంద్రంలో ఇచ్చే చీటీలో బేలు బరువును కిలో ధరతో గుణించి లెక్క సరిచూసుకోవడమే కావాలి. ఈ కోరికల్లో ఏదీ చిన్నది కాదు.

ఇలా ఎవరి కోరికతో వాళ్లు వస్తే పాఠం ఎలా చెప్పాలని తోటి బోధకులు అడుగుతారు. ఒక ఉదాహరణ చెబుతాను. మా దగ్గర చాలామంది బస్సు బోర్డు చదవాలంటారు. కనిగిరి, పామూరు, పొదిలి, దర్శి. ఈ నాలుగు పేర్లు నేర్పితే తొమ్మిది హల్లులు వస్తాయి. తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, కొమ్ము దీర్ఘం, ఒత్వం వస్తాయి. దర్శి దగ్గర శ ఒత్తు కూడా వస్తుంది. పెద్దవాళ్లు ఎక్కువగా జారిపోయేది గుణింతాలు, ఒత్తుల దగ్గరే. తను ఎక్కే బస్సు పేరులో ఉన్న ఒత్తును మాత్రం పట్టుదలగా నేర్చుకుంటారు. వాచకం పక్కన పెట్టక్కర్లేదు. ఇవి వచ్చాక అదే వాచకం వాళ్లకు తేలికవుతుంది.

"పేపరు చదవాలి" లాంటి పెద్ద కోరికను ముక్కలు చేయాలి. ముందు పెద్ద అక్షరాల హెడ్డింగులు, తర్వాత మన మండలం వార్త ఒకటి. ఒకటి అందాక మళ్లీ అడగాలి, ఎందుకంటే కోరిక మారుతుంది. బస్సు బోర్డు చదవగలిగినామె ఆ తర్వాత సంఘం లెక్కలు చూడాలంటుంది. కొన్నిచోట్ల ఇంగ్లీషు అక్షరాలు కూడా తప్పవు. మందు స్ట్రిప్ మీద తేదీ ఇంగ్లీషులోనే ఉంటుంది. అది సిలబస్‌లో లేదని పక్కకు నెట్టడం అన్యాయం.

మాకు దగ్గర్లోనే, నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో ఏం జరిగిందో ఈ పత్రిక పాఠకులకు తెలుసు. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు సారా గురించి పాఠం చదివారు, చర్చించుకున్నారు, ఊళ్లో సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. వాళ్ల గుండెల్లో అప్పటికే రగులుతున్న బాధ పాఠంలోకి వచ్చింది కాబట్టే ఆ చదువు అంత దూరం వెళ్లింది.

ఇప్పటి పథకంలో చివరికి 150 మార్కుల పరీక్ష ఉంది. చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50. ఆ పరీక్ష ఉండనివ్వండి. దానితో పాటు ప్రతి మనిషి పేరు పక్కన ఆమె కోరుకున్న పని ఏమిటి, అది చేయగలుగుతోందా అని రెండు గళ్లు పెట్టండి. మొదటి వారంలో ఒకసారి, ఆ తర్వాత నెలకోసారి ఆమెను అడిగే ఆ గళ్లు నింపాలి, మా ఊహతో నింపకూడదు. బోధకుల శిక్షణలో ఒక పూట ఈ అడిగే పద్ధతి మీదే నడపాలి. నాకిచ్చిన శిక్షణలో దీని ప్రస్తావనే రాలేదు. పాస్‌పుస్తకం, కరెంటు బిల్లు, మందుల చీటీ, వేలం చీటీ లాంటి వాటి జిరాక్సులకు ప్రతి కేంద్రానికీ కొద్దిగా డబ్బివ్వాలి. ఇప్పుడు ఆ ఖర్చు మేమే పెట్టుకుంటున్నాం. వలసల కాలంలో ఊరొదిలి పోయిన వాళ్లను జాబితాలోంచి తీసేయకుండా, తిరిగొచ్చాక ఆపిన చోటి నుంచి మొదలుపెట్టే వీలు కల్పించాలి.

వీటికి కొత్త చట్టాలు, కొత్త పథకాలు అక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు. వయోజన విద్యా శాఖ అధికారులు కొత్తగా చేరేవాళ్ల నుంచైనా ఈ పద్ధతి అమలు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక స్వచ్ఛంద బోధకురాలు,
కనిగిరి మండలం