ఎగిరే మనిషి ఫొటో సరే, గాలి ఎటు వీస్తుందో కూడా రాయండి

సంపాదకుల వారికి,

సెలవుల కాలం రాగానే పత్రికల పర్యాటక పేజీల్లో ఒక ఫొటో తప్పకుండా పడుతుంది. కింద నీలం నీళ్ళు, పైన పడవంత గాలిపటం, మధ్యలో కాళ్ళకు పలకతో గాల్లోకి లేచిన మనిషి. పక్కనే హోటళ్ళ వివరాలు, వెచ్చటి ఇసుక గురించి నాలుగు మాటలు. అది చూసి టికెట్టు కొనేవాళ్ళకు అసలు కావలసిన ముక్క మాత్రం అక్కడ ఉండదు. ఆ తీరానికి ఏ నెలల్లో గాలి వస్తుంది, ఎటు నుంచి వస్తుంది? కైట్ సర్ఫింగ్ అనే ఆ గాలిపటం ఆటకు ఈ రెండూ తెలిశాకే మిగతావన్నీ.

ఫిలిప్పీన్స్‌లోని బోరకాయ్ ద్వీపాన్నే చూడండి. దాని నడుము ఎంత సన్నమంటే తూర్పు ఒడ్డు నుంచి పడమటి ఒడ్డుకు నడిచి పోవచ్చు. సుమారు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్యం నుంచి గాలి వీస్తుంది. ఆ రోజుల్లో కైట్లన్నీ తూర్పున బులబోగ్ బీచిలోనే ఎగురుతాయి. పేరున్న వైట్ బీచి పడమట ఉంది. అక్కడ అదే గాలి నేల మీదుగా వచ్చి సముద్రంలోకి పోతుంది కాబట్టి ఒడ్డున నీళ్ళు అద్దంలా ఉంటాయి. కొత్తగా వచ్చినవాడి కంటికి ఆ అద్దమే క్షేమంగా కనిపిస్తుంది. లైను తెగినా, కైట్ నీళ్ళలో పడి లేవకపోయినా బులబోగ్‌లో గాలే మనిషిని ఒడ్డు వైపు తోస్తుంది. వైట్ బీచిలో నడిసముద్రానికి తీసుకుపోతుంది. నైరుతి గాలి మొదలైన నెలల్లో ఈ లెక్క తారుమారవుతుంది. అంటే ‘ఫలానా బీచి మంచిది’ అనే మాటకు నెల చెప్పకపోతే అర్థం లేదు.

అలాగని నేరుగా ఒడ్డుకు కొట్టే గాలీ మంచిది కాదు. కాలు నిలదొక్కుకోకముందే మళ్ళీ ఇసుక మీదికి విసిరేస్తుంది. ఒడ్డుకు ఏటవాలుగా, సముద్రం వైపు నుంచి వచ్చే గాలి అన్నిటికంటే అనువైనది. వియత్నాంలోని మ్యూయి నేకు నవంబరు నుంచి మార్చి వరకు, శ్రీలంకలోని కల్పిటియకు మే నుంచి సెప్టెంబరు వరకు, బ్రెజిల్‌లోని కుంబుకోకు ఏడాది రెండో సగంలో వెళ్ళేది అలాంటి గాలి కోసమే. గాలి నెలలు తప్పి వెళ్తే చేతిలో కైట్, పైన ఎండ, అంతే.

రోజులోనూ వేళ చూసుకోవాలి. పొద్దెక్కేకొద్దీ నేల కాగి, పైకి లేచిన వేడిగాలి చోటులోకి సముద్రపు గాలి చొరబడుతుంది. డొమినికన్ రిపబ్లిక్‌లోని కబరేటెలో ఉదయం మందంగా ఉండే గాలి మధ్యాహ్నానికి ఊపందుకుంటుంది. నేర్చుకునేవాళ్ళు ఆ ఊపు మొదట్లో దిగి, ముదరకముందే బయటికి రావాలి.

ఈ ఆటలో గాలిని నాట్లలో కొలుస్తారు (వరి నాట్లు కాదు, ఒక నాటు అంటే గంటకు 1.85 కిలోమీటర్ల వేగం). మామూలుగా 12 నుంచి 25 నాట్ల మధ్య, అంటే గంటకు 22 నుంచి 46 కిలోమీటర్ల గాలిలో ఆడతారు. గాలి వేగం రెట్టింపైతే కైట్ లాగే బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. పెద్ద గాలికి చిన్న కైట్ పట్టేది అందుకే. 75 కిలోల మనిషికి 15–18 నాట్లలో 12 చదరపు మీటర్ల కైట్ సరిపోతే, 20–25 నాట్లలో 9 చదరపు మీటర్లది చాలు. వాతావరణ సూచనల్లో సగటు వేగం ఒక్కటే చూసి మురిసిపోకూడదు, విసురు, అంటే ఉన్నట్టుండి పెరిగే గాలి వేగం, ఎంతో కూడా చూడాలి. సగటు 15, విసురు 28 అని ఉంటే అది కొత్తవాళ్ళు దిగే రోజు కాదు. ఆకాశంలో నల్లటి మబ్బు వరుస కట్టి వస్తుంటే ఇక సూచనలతో పని లేదు, వెంటనే కైట్ దించాలి. దాని ముందు గాలి ఒక్కసారి ఆగినట్టయి, మరుక్షణం విరుచుకుపడుతుంది.

ఇక సామాను. అంచున గాలి నింపిన గొట్టం ఉండే కైట్‌కు ఫ్రాన్సుకు చెందిన లెగెన్యూ సోదరులు 1984లో పేటెంటు తీసుకున్నారు. నీళ్ళలో పడ్డా తేలి, మళ్ళీ లేచేది ఆ గొట్టం పుణ్యమే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో, మార్సెయ్ తీరాన, టీవీలో చూసినవి వేరే రకం. అవి గొట్టాలు లేని పందెపు కైట్లు, కింది బోర్డులకు నీళ్ళలో మునిగే రెక్కలుంటాయి. ‘ఒలింపిక్స్‌లో చూపించినది నేర్పండి’ అంటూ వచ్చేవాళ్ళు కూడా గొట్టం కైట్, 140 సెంటీమీటర్ల అటూ ఇటూ ఉండే వెడల్పాటి బోర్డుతోనే మొదలుపెట్టాలి.

కైట్ నుంచి 20–24 మీటర్ల పొడవున నాలుగు లైన్లు చేతిలోని బార్‌కు, అంటే పట్టుకునే అడ్డకర్రకు, వస్తాయి. నడిమి రెండూ ముందు లైన్లు, బరువంతా వాటిదే. చివర్ల రెండూ వెనక లైన్లు, అవి కైట్‌ను తిప్పడానికి. ముందు లైన్లు కలిసే నడిమి తాడు బార్ మధ్య రంధ్రంలోంచి దిగి ఒక గట్టి వలయంతో ముగుస్తుంది. దాని పేరు చికెన్ లూప్, కోడితో సంబంధమేమీ లేదు. నడుముకు కట్టిన పట్టీ (హార్నెస్) కొక్కేనికి దాన్ని తగిలిస్తారు. అంటే కైట్ లాగేది చేతుల్ని కాదు, నడుముని. బార్‌ను దగ్గరికి లాక్కుంటే కైట్ బలం పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది.

ప్రమాదాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. పడబోతున్న మనిషి చేతిలో ఉన్నదాన్ని గట్టిగా పట్టుకుని గుండెకు లాక్కుంటాడు, అది ఒంటికి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇక్కడ అలా చేస్తే కైట్ రెట్టించిన బలంతో లాగుతుంది, భయంతో అతను ఇంకా బిగిస్తాడు. కాబట్టి మొదట నేర్పాల్సింది బార్ వదిలేయడం. అది చాలకపోతే రెండోది, చికెన్ లూప్ మీద ఎర్రగా ఉండే క్విక్ రిలీజ్. ఇప్పటి వాటిలో ఎక్కువ భాగం ముందుకు తోస్తే ఊడతాయి. అది ఊడగానే కైట్ ఒక్క లైను మీద జెండాలా వేలాడి బలం కోల్పోతుంది, ఆ లైనును హార్నెస్‌కు కలిపే లీష్ అనే తాడు వల్ల మనకు అంటుకునే ఉంటుంది. అప్పటికీ లాగుతుంటే మూడోది, లీష్‌నే విప్పేయడం. కైట్ పోతుంది, పోనివ్వాలి. ఈ మూడూ కళ్ళు మూసుకుని చేయగలిగే దాకా నీళ్ళలోకి దించకూడదు. ఇంకో మాట: క్విక్ రిలీజ్‌లో ఇసుక చేరి, ఉప్పు పేరుకుంటే అది బిగుసుకుపోతుంది. రోజూ ఎగరేసే ముందు ఒకసారి ఊడదీసి మళ్ళీ బిగించి చూడాలి, సాయంత్రం మంచినీళ్ళతో కడగాలి. అద్దెకు తెచ్చిన సామానుకైతే ఇది మరీ ముఖ్యం.

ముందు లైను, వెనక లైను ఒకదాని చోట ఒకటి తగిలించడం తరచుగా జరిగే తప్పు. అలా కట్టిన కైట్ లేచీ లేవగానే అదుపు తప్పి గాలివాటుకు, అంటే గాలి పోయే వైపుకు, దూకి గింగిరాలు తిరుగుతుంది, మనిషి ఇసుక మీద ఈడ్చుకుపోతాడు. బార్ దగ్గర నుంచి కైట్ దాకా లైన్ల మధ్య వేళ్ళు పెట్టి విడదీసుకుంటూ నడిస్తే మెలికలు బయటపడతాయి. ఎడమ చేతి వైపు ఎరుపు అని గుర్తుంచుకుంటే బార్ తిరగబడదు. ఎగరేసే ముందు వెనక లైన్లు ఒక్కొక్కటే కొంచెం లాగితే ఆ వైపు కైట్ కొన కదలాలి. కాగితం గాలిపటం ఎగరేసిన చెయ్యి బిగిసిన లైను మీదికి తనంతట తానే పోతుంది. ఆ లైను వేళ్ళను కోసేస్తుంది.

ఎగరేసేటప్పుడు సాయానికి ఒకరు ఉండాలి. గాలికి వీపు పెట్టి నిలబడితే పక్కవాటుగా, సముద్రం ఉన్న వైపున సాయం చేసేవాళ్ళు కైట్ పట్టుకుంటారు. గుడ్డ రెపరెపలాడుతుంటే ఎగరేసే మనిషి రెండడుగులు గాలి వచ్చే దిక్కుకు జరగాలి. గుడ్డ నిండి చప్పుడు ఆగాకే బొటనవేలు చూపించాలి. కైట్ మరీ గాలివాటుకు ఉన్నప్పుడు వదిలితే లేస్తూనే మనిషిని లాక్కుపోతుంది. గాలివాటు వైపు రెండు లైన్ల పొడవు, అంటే దాదాపు 50 మీటర్లు, మనుషులు గానీ చెట్లు గానీ గోడలు గానీ ఉండకూడదు. కైట్ లేచాక దాన్ని నడినెత్తిన నిలిపి ఒడ్డున కబుర్లు చెబుతూ నిలబడటం కంటే ప్రమాదం ఇంకోటి లేదు. ఒక్క విసురు వస్తే మనిషి నిలువునా లేస్తాడు, పడేది గట్టి నేల మీద. కైట్‌ను కాస్త కిందికి, సముద్రం వైపు ఉంచి వెంటనే నీళ్ళలోకి నడవాలి.

‘గంటలో కైట్ సర్ఫింగ్’ అనే ప్రకటనల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఒక గంటలో నిజాయితీగా చేయించగలిగేది రెండు మూడు చదరపు మీటర్ల శిక్షణ కైట్‌ను ఇసుక మీద ఎగరేయించడం. తర్వాత నీళ్ళలో పెద్ద కైట్, దాంతో ఒంటిని ఈడ్పించుకోవడం, పడ్డ కైట్‌ను లేపడం, జారిన బోర్డు దగ్గరికి గాలికెదురుగా చేరడం. ఇవన్నీ అయ్యాకే కాళ్ళకు బోర్డు. మామూలు మనిషికి 8 నుంచి 12 గంటల శిక్షణ పడుతుంది. మొదటి గంటలోనే బోర్డు తొడిగే చోటికి, బోర్డును తాడుతో కాలికి కట్టే చోటికి వెళ్ళకపోవడమే మేలు. ఆ తాడు సాగి, బోర్డు ఎగిరొచ్చి తలకు తగులుతుంది. నడుము లోతు చదును నీళ్ళు, తలకు హెల్మెట్, పగడపు దిబ్బలుంటే కాళ్ళకు బూట్లు ఉండాల్సిందే.

చాలాచోట్ల తేలిగ్గా దాటేసే పాఠం ఒకటుంది. నడినీళ్ళలో గాలి ఆగిపోయినా, ఏదైనా తెగినా తనను తాను ఒడ్డుకు చేర్చుకోవడం. క్విక్ రిలీజ్ ఊడదీసి, కైట్‌ను పట్టి ఉన్న ఆ ఒక్క లైనును మొదట బార్‌కు చుట్టి ముడి వేయాలి. అది మిగతావాటికంటే పొట్టిగా ఉన్నంతసేపూ కైట్ మళ్ళీ గాలి పట్టదు. తర్వాత నాలుగూ కలిపి చుట్టుకుంటూ కైట్ దగ్గరికి చేరాలి. గొట్టంలో గాలి తీయకూడదు, ఇప్పుడు తెప్ప అదే. దాని మీద ఒరిగి, రెండు కొనలు దగ్గరికి లాగి పట్టుకుంటే కైట్ తెరచాపలా గాలి పట్టి, గాలి పోయే వైపుకు తీసుకుపోతుంది. గాలి ఒడ్డుకు పోతేనే మనమూ ఒడ్డుకు.

అందుకే మా విన్నపం ఇది. ఈసారి అలాంటి ఫొటో వేసినప్పుడు పక్కనే గాలి నెలలు, ఆ బీచికి గాలి ఎటు నుంచి వస్తుంది, అడుగున ఇసుకా పగడమా, రక్షణ పడవ ఉందా లేదా అన్నవి నాలుగు ముక్కల్లో రాయండి. అవేవీ తెలియకుండా తీరం చేరినవాళ్ళు నీటి అంచున నిలబడి, పిడికెడు పొడి ఇసుక భుజం ఎత్తు నుంచి వదిలి చూడాలి. అది సముద్రం వైపు ఎగిరిపోతే ఆ రోజుకు కైట్ సంచి విప్పవద్దు.

ఇట్లు,
కైట్ సర్ఫింగ్ శిక్షకులు కొందరు