బీపీ బిళ్లా, నొప్పుల బిళ్లా ఒకే కవర్లో

సంపాదకుల వారికి,

ఏటా మార్చి రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినానికి పత్రికల్లో వచ్చే వ్యాసాలన్నీ వదలకుండా చదువుతాను. నీళ్లు తాగండి, ఉప్పు తగ్గించండి, షుగర్ చూపించుకోండి అంటారు. మంచిదే. కిడ్నీ కణాలు రెనిన్ అనే హార్మోన్ కూడా వదులుతాయన్న మాట మాత్రం దాదాపు కనపడదు. మా మందుల షాపులో రోజూ అమ్మే బీపీ బిళ్లల్లో చాలావాటి పని దానితోనే.

కిడ్నీలో వడపోత జరిగే చోటికి రక్తం తెచ్చే సన్నని నాళం గోడలో ఉంటాయి ఈ కణాలు. బీపీ పడిపోయినా, ఒంట్లో ఉప్పు తగ్గినా రెనిన్ వదులుతాయి. దానివల్ల చివరికి యాంజియోటెన్సిన్-2 తయారవుతుంది. ఎనిమిదే అమైనో ఆమ్లాల పెప్టైడ్ (ప్రోటీన్ లాంటి చిన్న గొలుసు), కానీ రక్తనాళాలను బిగించి బీపీ పెంచుతుంది. నాకు ఎప్పుడూ ముచ్చటేసేది దాని తర్వాతి పని. అదే పెప్టైడ్ మళ్లీ ఆ కిడ్నీ కణాల మీదికే వచ్చి, ఇక చాలు, రెనిన్ ఆపమంటుంది. అప్పుడు కణంలో కాల్షియం పెరుగుతుంది. చాలా గ్రంథుల్లో కాల్షియం పెరిగితే స్రావం పెరుగుతుంది, ఇక్కడ తగ్గుతుంది! గుండె కూడా ఊరుకోదు. రక్తం ఎక్కువై పై గదులు సాగితే 28 అమైనో ఆమ్లాల పెప్టైడ్ వదిలి రెనిన్‌ను అణుస్తుంది. 1981లో కెనడాలో డి బోల్డ్ అనే శాస్త్రవేత్త బృందం ఎలుకల గుండె నుంచి తీసిన సారంతో దీని జాడ పట్టింది.

టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి బీపీ బిళ్లలు యాంజియోటెన్సిన్-2 పనిచేసే చోటును మూసేస్తాయి, బీపీ తగ్గుతుంది. చిక్కల్లా వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినప్పుడే. ఆ సమయంలో రక్తం బయటికి పోయే నాళాన్ని బిగించి వడపోతను నిలబెట్టేది ఈ పెప్టైడే. బిళ్ల ఆ పట్టు సడలిస్తుంది. పైన డైక్లోఫెనాక్ లాంటి నొప్పుల బిళ్ల వేస్తే రక్తం వచ్చే నాళం కూడా ఇరుకవుతుంది. నీరు పోవడానికిచ్చే మాత్ర కూడా తోడైతే కిడ్నీకి మరీ ప్రమాదం.

నాట్ల రోజుల్లో సాయంత్రాలు మా కౌంటరు దగ్గరకొచ్చే ఆడవాళ్లు "అమ్మా, బీపీ బిళ్లలొక షీటు, మోకాళ్ల నొప్పులకు నాలుగు బిళ్లలు" అని రెండూ కలిపే అడుగుతారు. నొప్పుల బిళ్లకు డాక్టరు చీటీ ఉండదు. ఎందుకు వద్దో చెప్పబోతే "ఎప్పుడూ వేసుకునేవేగా, ఇవ్వమ్మా" అంటారు. ఇవ్వకపోతే ఇంకో షాపుకి వెళ్లిపోతారు.

నేను చెబితే వినని మాట పేపర్లో పడితే వింటారు. దయచేసి ఎండలు ముదరకముందే మీ ఆరోగ్య పేజీలో కిడ్నీ డాక్టరు చేత దీని గురించి రాయించండి. బీపీ బిళ్ల ఎవరూ సొంతంగా మానకూడదన్నది అందులో పెద్ద అక్షరాల్లో వేయండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు బిళ్ల వేసుకోవాలా, తగ్గేదాకా ఆపాలా అని డాక్టరుకు ఫోన్ చేసి అడగమనండి.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు, పశ్చిమ గోదావరి జిల్లా