చలువ కళ్ళద్దాలు మా చెరువు గట్టు మీద కూడా నప్పాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

ముఖానికి నప్పే కూలింగ్ గ్లాసుల మీద మొన్న ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. గుండ్రటి ముఖానికి మూలలు తేలిన ఫ్రేము, పలక ముఖానికి గుండ్రటిది, కోలముఖానికి నిలువు కాస్త ఎక్కువున్నది అన్నారు, కాదనను. కానీ భీమవరం, ఉండి చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద బతికే మాకు ఎండ పైనుంచీ కొడుతుంది, నీళ్ళ మీంచీ కొడుతుంది. ఆ సంగతి వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

నేను మూడేళ్ళపాటు తీర్థంలో, అంటే జాతరలో కొన్న నల్లద్దాలే వాడాను. నా మొహం వెడల్పు, అవేమో చిన్నవి, చెంపల పక్కన రెండు వైపులా సందు. చెక్‌ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడ్డానికి చెరువులోకి దించే పళ్ళెం) పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూద్దామని వంగితే చెమటకి ముక్కు మీంచి జారిపోయేవి, ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో కళ్ళద్దాలు పట్టుకునేవాణ్ణి. సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టుండేది. కంటి డాక్టరు గారు చూసి కంట్లో కండ పెరగడం మొదలైందన్నారు, ఎండా గాలీ దుమ్మూ ఎక్కువ తగిలేవాళ్ళకి ఇది వస్తుందట. అద్దం నల్లగా ఉంటే కంటిపాప పెద్దదవుతుందనీ, ఆ అద్దానికి అతినీలలోహిత కిరణాల్ని ఆపే గుణం లేకపోతే అవి ఇంకా ఎక్కువగా లోపలికి పోతాయనీ ఆయన చెప్పేదాకా నాకు తెలీదు. మూడేళ్ళు! చాలా బాధేసింది.

అందుకే ఈసారి యూవీ 400 అని ఉన్నదే, అంటే 400 నానోమీటర్ల దాకా అతినీలలోహిత (యూవీ) కిరణాల్ని ఆపేదే అడిగాను, షాపులో యూవీ కొలిచే మీటరు మీద పెట్టి చూపించమన్నాను. కాడ లోపలి వైపు 52, 18, 140 లాంటి అంకెలుంటాయి, అవి మిల్లీమీటర్లు: ఒక్కో అద్దం వెడల్పు, ముక్కు మీద సందు, కాడ పొడవు. నాకు అద్దం వెడల్పు 58 సరిపోయింది. పెట్టుకుని తల వంచి చూడాలి, గట్టిగా నవ్వి చూడాలి. నవ్వితే చెంపలు ఫ్రేముని పైకి నెడుతున్నా, రెప్పవెంట్రుకలు అద్దానికి తగులుతున్నా అది ఎంత స్టైలుగా ఉన్నా మీది కాదు.

నీళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళకి పోలరైజ్డ్ అద్దం చాలా తేడా చూపిస్తుంది, పైన మెరుపు తగ్గి గట్టు పక్కన నీళ్ళ లోపలిది కనపడుతుంది. నిజమైనదో కాదో చూడాలంటే అద్దం పెట్టుకుని ఫోను మెల్లగా తిప్పండి, చాలా ఫోన్లలో ఒక వాటం దగ్గర స్క్రీన్ నల్లబడుతుంది. పోలరైజ్డ్ అన్నంత మాత్రాన యూవీ ఆగుతుందని కాదు, రెండూ విడిగా అడగాలి. రంగు మాత్రం బూడిద రంగే తీసుకోండి. మేం నీటి రంగు చూసి చెరువు ఎలా ఉందో పోల్చుకుంటాం, పసుపుదో నీలందో పెట్టుకుంటే ఆ రంగే మారిపోతుంది.

ఇంకో సంగతి. మా వదిన నాట్లకి వెళ్తుంది, బురద నీళ్ళలో పొద్దంతా తల వంచుకునే ఉంటుంది. కళ్ళద్దాలు కొనిస్తానంటే "ఊళ్ళో నవ్వుతారు మరిదీ" అంది. ఈసారి ఆ వ్యాసం వేసేటప్పుడు మోడల్ ఫొటోల పక్కన వరిచేలో ఉన్న ఒక ఆడమనిషి ఫొటో కూడా వేయండి, ఆవిడ మొహానికి ఏ ఫ్రేము నప్పుతుందో రాయండి. ఆ పేపరు నేనే తీసుకెళ్ళి మా వదినకి చూపిస్తాను.

— ఒక రొయ్యల రైతు, ఉండి మండలం, పశ్చిమ గోదావరి జిల్లా