పైపు ముందా, పర్మిషన్ ముందా?

ఎడిటర్ గారికి నమస్కారం,

సిటీ అంచున ఉన్న ఊళ్లు పెరగడం నాకు ఇష్టమే, అద్దెలు కట్టలేక వచ్చేవాళ్లకి, కొత్తగా సంసారం పెట్టుకునేవాళ్లకి ఇళ్లు కావాలి కదా. కానీ పర్మిషన్ ఇచ్చేటప్పుడు సెట్‌బ్యాక్ (బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన ఖాళీ) ఎంత, ఎన్ని అంతస్తులు, ఫీజు కట్టారా లేదా అని చూస్తున్నారు గానీ ఈ ఇళ్లల్లో వాడిన నీళ్లు ఎటు పోతాయి అని అడిగేవాళ్లు కనపడట్లేదు.

మా వీధి సంగతే చెప్తా. గట్టి వాన పడితే మ్యాన్‌హోల్ మూత పైకి లేస్తుంది, పిల్లలు ఎక్కడ కాలేస్తారో అని మేమే చుట్టూ ఇటుకలు పేర్చి కర్రకి ఎర్ర గుడ్డ కట్టి నిలబెడతాం. ఇక్కడ పది పన్నెండు ఇళ్లు ఉన్నప్పుడు వేసిన మురుగు పైపు అది, వెనకాల వచ్చిన అపార్ట్‌మెంట్లన్నీ ఇప్పుడు దానికే కలిపారు. అడిగితే పెద్ద పైపు శాంక్షన్‌లో ఉంది అంటారు, ఈలోపు ఇంకో బిల్డింగ్‌కి పునాది తీస్తున్నారు. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లని నేను ఒక్క మాట అనను, గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకైతే బాత్రూంలోకే వెనక్కి తంతోంది పాపం.

ఇది ఎక్కడా తేలని సమస్యేం కాదండీ. న్యూయార్క్ పక్కన రామాపో అనే టౌన్ ఉంది, 1955లో నది మీద కొత్త బ్రిడ్జి వచ్చాక జనం ఒక్కసారిగా పెరిగారు. 1969లో వాళ్లు పాయింట్ల పద్ధతి పెట్టారు, మురుగు పైపు, వాననీటి కాలువ, పార్కు లేదా స్కూలు, రోడ్డు, ఫైర్ స్టేషన్ ఎంత దగ్గర్లో ఉంటే అన్ని పాయింట్లు, మొత్తం 15 వస్తేనే కొత్త లేఅవుట్‌కి పర్మిషన్. రాకపోతే ఆగాలి, లేదా బిల్డరే ఆ పైపు వేసి పాయింట్లు తెచ్చుకోవచ్చు. నాకు బాగా నచ్చింది ఏంటంటే టౌన్ కూడా ఊరికే ఆపలేదు, ఏ పని ఎప్పుడు చేస్తామో 18 ఏళ్ల ప్లాన్ రాసిచ్చింది, ఆ ప్లాన్ ఉంది కాబట్టే 1972లో కోర్టు ఒప్పుకుంది.

అయితే ఇలాంటి రూల్స్‌తో ఒక భయం ఉంది, చెప్పకపోతే తప్పవుతుంది. ఇళ్లు తక్కువైతే రేట్లు పెరుగుతాయి, ముందే ఇల్లు ఉన్నవాళ్లు తర్వాత వచ్చే పేదవాళ్లకి తలుపేసినట్టు అవుతుంది. రామాపో మీద కూడా ఇదే విమర్శ వచ్చింది, 1983లో ఆ పద్ధతి తీసేశారు కూడా. అందుకే ఏడాదికి ఇన్నే ఇళ్లు అని లెక్క పెట్టి ఆపడం నాకు నచ్చదు. ఫ్లోరిడాలో 1985 నుంచి సౌకర్యాలతో పాటే ఇళ్లు అనే చట్టం ఉండేది, 2011లో చాలా సడలించి రోడ్లు, స్కూళ్లు, పార్కుల సంగతి స్థానిక సంస్థల ఇష్టానికి వదిలేశారు, అప్పుడు కూడా తాగునీరు, మురుగు, వాననీటి కాలువ, చెత్త ఈ నాలుగూ మాత్రం తప్పనిసరిగానే ఉంచారు. నేను అడిగేదీ ఆ మాత్రమే.

పర్మిషన్ ఫీజు ఈ ఏడాదే చేతికొస్తుంది, పైపు ఖర్చు వచ్చే కౌన్సిల్ నెత్తిన పడుతుంది, అసలు చిక్కంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది. కాబట్టి ప్రతి పెద్ద బిల్డింగ్ ఫైలుతో పాటు ఒక్క పేజీ పెట్టమనండి. ఆ వీధి పైపులో ఇంకా ఎంత ఖాళీ ఉంది, చాలకపోతే కొత్తది ఏ సంవత్సరం వేస్తారు, డబ్బు ఎక్కడిది, ఇంతే. కౌన్సిల్ మీటింగ్‌కి వారం ముందు దాన్ని నోటీసు బోర్డు మీద అంటిస్తే మేమే వచ్చి చదువుకుంటాం.

ఇట్లు,
మీ పాఠకురాలు