పాత బీచ్‌లో ఇక పెళ్లిళ్లు చేయడం లేదు, కారణం నా నోటే వినండి

మా దగ్గర పెళ్లి చేసుకున్నవాళ్లకీ, చేసుకోబోతున్నవాళ్లకీ నమస్కారం.

ఇన్నేళ్లుగా మనం పెళ్లిళ్లు చేస్తూ వచ్చిన బీచ్‌లో ఇకమీదట ఒక్క పెళ్లి కూడా చేయడం లేదు. బుక్ చేసుకున్నవాళ్లకి విడివిడిగా ఫోన్ చేసి చెబుతున్నాను. ఈలోపే రకరకాల మాటలు బయల్దేరాయి. అద్దె కట్టలేక వదిలేశామని కొందరు, స్థలం యజమాని పొమ్మన్నాడని కొందరు అంటున్నారు. రెండూ అబద్ధాలే. ఆయన ఇప్పటికీ రమ్మనే అంటున్నాడు. వద్దనుకున్నది నేను.

మనం ఇసుకలోకి దిగే దారి ఆయన స్థలంలోంచి వెళ్తుంది. అలలు తన తోటని కోసేస్తున్నాయని ఆయన సముద్రం వైపు పొడవునా కాంక్రీటు గోడ కట్టించాడు. తన నేల కాపాడుకునే హక్కు ఆయనకి ఉంది, దాని గురించి నాకు గొడవ లేదు. కానీ పని మొదలుపెట్టే ముందు నాకు చెబుతానని మాట ఇచ్చాడు, చెప్పలేదు. గోడ సగం లేచాక, స్థలం చూసుకోవడానికి వెళ్లిన ఒక పెళ్లికూతురు ఫోటో పంపి "ఇదేంటండీ?" అని అడిగితే నాకు తెలిసింది. ఆ అమ్మాయికి ఏం జవాబు చెప్పాలో తోచలేదు. ఇంత పరిచయం ఉన్న మనిషి దగ్గర నేను ఒక్క ఫోన్ కాల్‌కి కూడా నోచుకోలేదా అని తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

చూడ్డానికి బాగోలేదన్న బాధ కాదు నాది. గోడని పూలతో కప్పేయగలం. గోడ ముందు ఇసుక నిలవదు, అసలు సమస్య అది. ఏటవాలు ఇసుక మీదికి పాకిన అల దారిలోనే బలం కోల్పోతుంది. అదే అల గోడకి కొట్టుకుంటే ఆ బలంతోనే వెనక్కి మళ్లి, గోడ అడుగున ఉన్న ఇసుకని తవ్వుకుపోతుంది. మామూలుగా పెద్ద గాలివానలప్పుడు గట్టు మీది ఇసుక దిబ్బలు కరిగి బీచ్‌కి ఇసుక అందిస్తాయి. ఇప్పుడు ఆ దిబ్బలు గోడకి అవతల చిక్కుకుపోయాయి. సముద్రం ముందుకొస్తుంటే బీచ్ వెనక్కి జరగాలి, జరగడానికి చోటు లేదు. కాబట్టి ఏడాదికేడాది సన్నబడుతుంది. గోడ చివర్ల దగ్గర కోత ఇంకా ఎక్కువగా ఉంటుంది. మన దారి దిగేది సరిగ్గా ఆ చివరే. పౌర్ణమి పోటుకి ఇప్పటికే నీళ్లు గోడని తాకుతున్నాయి.

చాలామంది మంచి మనసుతో ఒక సలహా ఇచ్చారు. ఆటు వేళ చూసి ముహూర్తం పెట్టుకుంటే సరిపోతుంది కదా అని. నిద్ర పట్టనివ్వని ఆలోచన ఇదే, అందుకే దీని గురించి వివరంగా చెబుతాను.

చాలా తీరాల్లో సముద్రం రోజుకి రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే పోటు వేళ రోజూ 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ ఉంటుంది. పౌర్ణమి, అమావాస్యల దగ్గర పోటు బాగా ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ. ఎంత ఎక్కువన్నది చోటుని బట్టి ఉంటుంది. మధ్యధరా సముద్రం ఒడ్డున చాలా చోట్ల తేడా కంటికి ఆనదు. కెనడాలోని ఫండీ అఖాతంలో నీళ్లు 16 మీటర్ల దాకా లేస్తాయి. కాబట్టి ఎవరో ఎక్కడో చేసుకున్న పెళ్లి ఫోటో చూసి మన తీరంలోనూ నీటికి అంత దగ్గరగా కుర్చీలు వేయమంటే కుదరదు.

చాలామందికి తెలియని ఇంకో సంగతి ఉంది. ఒక తీరంలో పౌర్ణమి నాటి పెద్ద పోటు దాదాపు ఎప్పుడూ ఒకే వేళకి వస్తుంది. మన పాత బీచ్‌లో ఆ వేళ సూర్యాస్తమయం దగ్గర పడింది. అందరూ అడిగేది పౌర్ణమి సాయంత్రమే, నీళ్లు గోడ దాకా వచ్చేదీ అప్పుడే. మిగిలేవి అష్టమికి అటూ ఇటూ కొన్ని సాయంత్రాలు. ఆ కొన్నింటితోనే నెట్టుకొద్దామని నిజంగానే అనుకున్నాను. పోటు పట్టిక ముందేసుకుని ఏడాదంతటికీ గీతలు గీశాను.

ఆ పట్టికలో ఉండేది చంద్రుడి లెక్క, సూర్యుడి లెక్క. ఆ రోజు వీచే గాలి అందులో ఉండదు. వాతావరణ పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే సముద్రమట్టం దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. తీరం వైపు గాలి గట్టిగా వీస్తే నీళ్లు ఇంకా ఎగదన్నుకొస్తాయి. వీటన్నిటి మీద అల పాకే దూరం వేరే. బీచ్ వెడల్పుగా ఉన్నప్పుడు లెక్క కాస్త తప్పినా కుర్చీలు నాలుగడుగులు వెనక్కి జరిపితే సరిపోయేది. ఇప్పుడు వెనక్కి జరిగితే తగిలేది గోడ. చక్రాల కుర్చీలో ఒక అమ్మమ్మ ఉందనుకోండి, ఒళ్లో చంటిపిల్లతో ఒక తల్లి ఉందనుకోండి. పెద్ద అల వస్తే వాళ్లని ఏ దారిన తీసుకెళ్లాలి? దీనికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేని చోట మీ పెళ్లి చేయను.

గోడ లోపల పచ్చిక ఉంది కదా, అక్కడ చేయండని యజమాని అన్నాడు. చెప్పులు విప్పి ఇసుకలో నిలబడి పెళ్లి చేసుకోవాలని మీరు మా దగ్గరికి వస్తారు. గోడ వెనక నిలబెట్టి దాన్ని బీచ్ పెళ్లి అనడం నాకు చేతకాదు. మా తర్వాత ఒక పెద్ద సంస్థ అక్కడే బుకింగులు తీసుకుంటోందట, మేం భయపడి పారిపోయామని చెప్పుకుంటోందట. వాళ్ల వ్యాపారం వాళ్లది. కానీ ఆ బీచ్‌ని పెళ్లివేదికగా పదిమందికీ పరిచయం చేసింది మేము, ఆ ఇసుకలో ప్రతి గుంతా మాకు తెలుసు. తెలుసు కాబట్టే వదిలేశాం.

ఇక కొత్త చోటు. ఒక పక్క కొండ సముద్రంలోకి పొడుచుకొచ్చిన చిన్న ఒంపు అది. చూడగానే నోరు తెరిచేంత అందం కాదని ముందే చెబుతున్నాను. సూర్యుడు నీళ్లలో కాదు, కొండ వెనక దిగుతాడు, వెలుగు కాస్త ముందే తగ్గుతుంది. ఫోటోగ్రాఫర్‌ని ముందుగా రమ్మనాలి. అయినా దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, పౌర్ణమి పోటు వేళ వెళ్లి చూశాను. ఏ బీచ్‌లోనైనా ఎండిన నాచు, గుల్లలు, పుల్లలు ఒక గీతలా పేరుకుని కనిపిస్తాయి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గీత చెబుతుంది. ఆ గీతకి పైన 40 మంది కూర్చుని, వెనక నడవడానికి దారి మిగిలేంత పొడి ఇసుక ఇక్కడ ఉంది. మీరు మాతో చేసుకోకపోయినా సరే, చోటు చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు ఆ గీత వెతకండి.

కొండ అడ్డం ఉండడం వల్ల అలలు చిన్నవి, హోరు తక్కువ. ఇద్దరూ చెప్పుకునే మాటలు చివరి వరుసకి కూడా వినబడతాయి, అయినా చిన్న మైకు పెడతాం. గాలి కూడా తక్కువే. పగలు నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది కాబట్టి మధ్యాహ్నానికి సముద్రపు గాలి పుంజుకుంటుంది, పొద్దువాలేసరికి నెమ్మదిస్తుంది. గాలి బలాన్ని చెప్పే బ్యూఫోర్ట్ కొలతలో 4, అంటే గంటకి 20 నుంచి 28 కిలోమీటర్ల గాలికే దుమ్ము, కాగితాలు లేస్తాయి. పూల ఆర్చి ఊగడం మొదలవుతుంది. కాబట్టి మధ్యాహ్నం మూడింటికి పెళ్లి పెట్టమని అడగొద్దు.

రోడ్డు నుంచి ఇసుక దాకా గట్టి నేల ఉంది. ఇసుక మీద చక్రాల కుర్చీ దిగబడకుండా పలకలు పరుస్తాం. టాయిలెట్లు దగ్గరలోనే ఉన్నాయి. అది అందరి బీచ్, నడకకి వచ్చేవాళ్లని ఆపలేం, ఆపం కూడా. అధికారుల అనుమతి ప్రతి పెళ్లికీ రాతపూర్వకంగా తీసుకుంటాం, ఆ కాగితం కాపీ మీకు ఇస్తాం.

ఆ ఒడ్డుకి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు రాత్రిపూట వెలుగు ఎక్కడుంటే అటు పోతాయి. మన లైట్లు వెలిగితే సముద్రం వదిలేసి మన వైపు వస్తాయి. తాబేళ్లు గుడ్లు పెట్టి, పిల్లలు బయటికొచ్చే నెలల్లో పొద్దుగూకాక ఒక్క లైటు కూడా పెట్టను, పెళ్లి ఉదయమో, సాయంత్రం వెలుగుండగానో పూర్తవ్వాలి. బేరాలకి తావు లేదు.

ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్లు తేదీ గురించి టెన్షన్ పడొద్దు. మీ తేదీ మీదే, ఇచ్చిన ధర మారదు. పలకల ఖర్చు నాది. కొత్త చోటు నచ్చకపోతే అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇస్తాను, ఒక్క రూపాయి కూడా పట్టుకోను. ఆ పాత ఇసుకలోనే పెళ్లి చేసుకుని, ప్రతి పెళ్లిరోజుకీ అక్కడికి వెళ్లే జంటలు మీలో చాలామంది ఉన్నారు. ఆటు వేళ చూసుకుని తప్పకుండా వెళ్లండి, అది అందరి తీరం. గోడ చివరి మెట్ల దగ్గర మాత్రం పిల్లల్ని దిగనివ్వకండి, కింద ఇసుక కొట్టుకుపోయి గుల్లగా ఉంది.

కొత్త చోటు చూడాలనుకున్నవాళ్లు ఫోన్ చేస్తే నేనే వచ్చి చూపిస్తాను. పోటు బాగా పెరిగే వేళకే పిలుస్తాను, ఆటు వేళ చూపించి ఒప్పించే అలవాటు నాకు లేదు.