క్యామ్రీ టెంపరేచర్ సెన్సార్ తిప్పలు తీర్చిన ముగ్గురికీ థాంక్స్

పేర్లు రాయొద్దని ముగ్గురూ ముందే చెప్పారు కాబట్టి రాయడం లేదు. కానీ ఇంత చేసినవాళ్లకి నలుగురి ముందు థాంక్స్ చెప్పకపోతే నాకే బాగోదు. ఒకరు మా ఆఫీసులో అక్క, రెండోవారు స్కానరూ మల్టీమీటరూ పట్టుకుని సెలవు రోజున డాలస్ పక్కనున్న ప్లేనో నుంచి ఇర్వింగ్ దాకా వచ్చిన అన్న, మూడోవారు విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసే మా మావయ్య, ఆయన అక్కడ పొద్దున్నే షెడ్డుకి వెళ్తూ వీడియో కాల్‌లో మా చేత పని చేయించారు.

బండి 1999 టయోటా క్యామ్రీ, నాలుగు సిలిండర్ల 2.2 లీటర్ ఇంజన్. ఎమ్మెస్ చేస్తున్నప్పుడు ఊరు మారిపోతున్న సీనియర్ దగ్గర కొన్నాను, ఆయనా తన సీనియర్ దగ్గరే కొన్నారు, డాలస్ చుట్టుపక్కల ఇలాంటి క్యామ్రీలు ఎన్ని తెలుగు చేతులు మారాయో లెక్కే లేదు. ఇన్నేళ్లు ఏ గొడవా పెట్టని బండి ఈమధ్య వేడెక్కాక కూడా ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పటి ఇంజన్ వేగం) దిగకుండా పైనే ఉండటం, మైలేజ్ తగ్గడం, అన్నిటికంటే ముఖ్యంగా షాపు ముందు పది నిమిషాలు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే చాలాసేపు సెల్ఫ్ కొట్టి పెట్రోల్ వాసనతో అంటుకోవడం మొదలుపెట్టింది. చెక్ ఇంజన్ లైట్ లేదు. టెంపరేచర్ ముల్లు ఎప్పటిలా సగానికి కాస్త కింద, కదలకుండా ఉంది. ఒక షెడ్డులో చూపిస్తే ఆక్సిజన్ సెన్సార్లు, ఇంజెక్టర్ల క్లీనింగ్, ఇంకా ఏవేవో కలిపి బండి ఖరీదులో సగం చెప్పారు.

అప్పుడు అక్క చెప్పిన ఒక్క మాటతో కథ మారింది. "ముల్లుకి సెన్సార్ వేరు, ఇంజన్ కంప్యూటర్‌కి సెన్సార్ వేరు. ముల్లు బాగుందని కంప్యూటర్‌కి సరైన వేడి తెలుస్తోందని అనుకోకు, ముందు స్కానర్ పెట్టి లైవ్ డేటా చూడు." అంతే. ఆమె మెకానిక్ కాదు, వాళ్ల పాత కరోలాతో పడిన అవస్థలోంచి వచ్చిన జ్ఞానం అది.

అన్న స్కానర్ తగిలించారు. 1996 తర్వాత అమెరికాలో అమ్మిన కార్లన్నిటికీ స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే ఓబీడీ2 సాకెట్ ఉంటుంది కాబట్టి ఇంత పాత బండికీ ఇబ్బంది లేదు. ఇంజన్ బాగా వేడెక్కింది, పై రేడియేటర్ హోస్ పట్టుకుంటే చెయ్యి కాలుతోంది, స్కానర్‌లో మాత్రం కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) 50 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది. కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ ఈ ఇంజన్‌లో తెరుచుకోవడమే 80 దాటాక, కాబట్టి ఆ అంకె అబద్ధం. కంప్యూటర్ దాన్నే నమ్మి, ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఐడిల్ పెంచుతోంది, వేడి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడల్లా అవసరానికి మించి పెట్రోల్ పోస్తోంది. మరి లైట్ ఎందుకు వెలగలేదని అడిగితే అన్న చెప్పారు: వైరు తెగినా షార్ట్ అయినా లోపం ఉందని చెప్పే పీ0115 కోడ్ వస్తుంది, అప్పుడు కంప్యూటర్ వేడి 80 డిగ్రీలే అనుకుని బండిని నడిపించేస్తుంది. మన సెన్సార్ పూర్తిగా చావలేదు, నమ్మదగ్గట్టే అబద్ధం చెబుతోంది, అందుకే దొరకలేదు. నిజానికి పూర్తిగా పోయుంటేనే నయం!

ఇక ఏది ఏ సెన్సార్ అని గుర్తుపట్టడం దగ్గర మావయ్య దిగారు. ఆయన జీవితంలో ఈ మోడల్ ముట్టుకున్నారో లేదో తెలియదు, కానీ "వైర్లు లెక్కపెట్టరా" అన్నారు మొదట. పై హోస్ ఇంజన్‌కి కలిసే చోట, గేర్‌బాక్స్ వైపు ఉన్న అల్యూమినియం హౌసింగ్ మీద పక్కపక్కనే రెండున్నాయి. ఒకే వైరు వెళ్లేది ముల్లుది, దానికి ఎర్త్ దాని మరల (థ్రెడ్ల) ద్వారానే అందుతుంది, అందుకని దాన్ని మార్చేటప్పుడు టెఫ్లాన్ టేపు వరసలు వరసలుగా చుడితే ముల్లు తప్పు చూపించే ప్రమాదం ఉంది. రెండు వైర్లు, ఆకుపచ్చ కనెక్టర్ ఉన్నది కంప్యూటర్‌ది. మూడోది రేడియేటర్ కింది భాగంలో ఉంటుంది, అది వేడిని కొలిచే సెన్సార్ కాదు, ఫ్యాన్ స్విచ్. ఇంజన్ చల్లగా ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేసి దాని ప్లగ్గు పీకితే ఫ్యాన్ తిరగాలి, ఎందుకంటే అది వేడెక్కినప్పుడు సర్క్యూట్‌ని తెంపే రకం. మాది తిరిగింది. విడిభాగాల షాపులో "క్యామ్రీ టెంపరేచర్ సెన్సార్" అని మాత్రం అడిగితే ఈ మూడింట్లో ఏదైనా చేతిలో పెట్టొచ్చు, ఎన్ని పిన్నులో చెప్పి తీసుకోండి.

కొత్తది కొనేముందు పాతదే దోషి అని తేల్చుకోవాలని మావయ్య పట్టుబట్టారు. ముందు కనెక్టర్‌లో పచ్చగా పేరుకున్న తుప్పు శుభ్రం చేయించి మళ్లీ చూడమన్నారు (కనెక్టర్ పట్టు సరిగా లేకపోయినా ఇదే లక్షణం వస్తుందట), మార్పు లేదు. అప్పుడు ఇంజన్ పూర్తిగా చల్లారాక సెన్సార్ విప్పి, దాని కొన మాత్రం మునిగేలా గిన్నెలో నీళ్లలో పెట్టి, వంటింటి థర్మామీటర్ పక్కన పెట్టి కాచాం. లెక్క ప్రకారం మల్టీమీటర్‌లో దాని రెసిస్టెన్స్ 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలో ఓమ్‌లు, 80 దగ్గర 200 నుంచి 400 ఓమ్‌లు చూపించాలి, వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గాలి. మాది తగ్గుతోంది కానీ 80 డిగ్రీల నీళ్లలో కూడా ఎనిమిది వందలకి దిగలేదు. అది ఇరవై ఐదేళ్లు దాటిన ముక్క, దాన్ని తిట్టడానికి కూడా మనసు రాలేదు. ఆ గిన్నె మళ్లీ వంటకి వాడొద్దని మా ఆవిడ ఆర్డర్, సరైన ఆర్డరే, కూలెంట్ విషం.

మార్చడం మాత్రం ఈ మొత్తం కథలో చిన్న పని. 19 ఎంఎం డీప్ సాకెట్, కొత్త వాషర్, అల్యూమినియంలోకి బిగిస్తున్నాం కాబట్టి బలం చూపించకుండా చేత్తో మరలు పట్టాక కొద్దిగా బిగింపు. కారిన కూలెంట్‌ని అన్న పళ్లెంలో పట్టారు, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, పిల్లులకీ ప్రమాదమే, పార్కింగ్‌లో వదిలేయకండి. తర్వాత కూలెంట్ నింపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, గాలి బుడగలు పోయేదాకా నడిపాం. స్కానర్‌లో అంకె మెల్లగా ఎక్కి 80 దాటింది, ఐడిల్ దిగింది, ఆపి వెంటనే స్టార్ట్ చేస్తే ఒక్క తిప్పుకే అందుకుంది. ఫోన్‌లో మావయ్య "సరే, నాకు షెడ్డులో పనుంది" అని కట్ చేసేశారు, థాంక్స్ చెప్పనివ్వలేదు. అందుకే ఇక్కడ చెబుతున్నా, అత్తయ్య ఇది చూస్తుంది, చదివి వినిపిస్తుంది.

అన్నా, మీరు టిఫిన్ కూడా తినకుండా వెళ్లిపోయారు, ఈసారి భోజనానికే రావాలి, వదినని, పిల్లల్ని తీసుకుని. అక్కా, నీ మాట లేకపోతే ఆ ఆక్సిజన్ సెన్సార్లకి డబ్బులు కట్టేసి ఉండేవాణ్ణి.

ఇర్వింగ్, కొప్పెల్ వైపు ఎవరికైనా ఇదే తరం క్యామ్రీ ఉండి ఇలాంటి లక్షణాలే కనిపిస్తే చెప్పండి. డీప్ సాకెట్ నా దగ్గరే ఉంది, ఓబీడీ స్కానర్ కూడా ఒకటి కొనుక్కున్నాను, సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా వచ్చి చూస్తాను.